చెరువులో తొక్కుడు పడవ

రాప్తాడు ప్రాంతపు రైతులకు పడవను గురించి పాఠము చెప్పుచున్నామంటే మీలో కొందరు నవ్వవచ్చును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ మనది. అది కూడ ఒక యేడు కురిసి రెండేండ్లు ఎగగొట్టును. ఇటువంటి చోట పడవ యెందుకని అడుగుట న్యాయమే.

కాని 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురము శివారు కాలనీలలో నీరు నిలిచిన దినములను తలచుకొనుడు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి వద్ద చిత్రావతి నడుమ చిక్కుకొనిన 10 మందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి పైకి తీసికొన్నది. ఆ మండలము ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది గాని, మన రాప్తాడు నియోజకవర్గమునకు చెందినదే. మన సీమకు నీరు రాకపోవుట ఒక కష్టమైతే, వచ్చినప్పుడు ఒక్క పెట్టున వచ్చుట రెండవ కష్టము. ఈ రెండవ కష్టమునకు మనము బొత్తిగా సిద్ధముగా లేము.

ఎందుకనగా మనకు ఈత మరపునకు వచ్చినది. కపిలె బావులలో నీరున్న కాలములో ఊరి పిల్లలందరికి ఆ బావులే ఈత బడులు. ఎండు సొరబుర్రయో, మునగబెండుయో వీపునకు కట్టి పెద్దవారు బావిలోనికి త్రోసెడివారు. నాలుగు దినములలో ఈత వచ్చెడిది. తరువాత బోర్లు వచ్చినవి. బోర్లు లోతునకు పోయిన కొలది తెరచిన బావులు ఎండినవి. పూడ్చినవి కొన్ని, ముళ్లకంప కప్పినవి కొన్ని. నేటి పదేండ్ల పిల్లవాడు సైకిలు చేతులు వదలి తొక్కగలడు గాని నడుము లోతు నీటిలో నిలుచుటకు భయపడును, లేదా భయపడవలసిన చోట భయపడడు. రెండవదే ఎక్కువ ప్రమాదము.

చెరువు నిండిన యేడు చూడుడు. ఊరిలో సైకిలు పిచ్చి గల యువకులు నలుగురు చేరి, నాలుగు డ్రమ్ములు కట్టి, దాని మీద సైకిలు బిగించి తొక్కవలెనని ఉత్సాహపడుదురు. ఫోనులో అటువంటి పడవల చిత్రములు వారు చూచియే ఉందురు. వద్దని చెప్పినంత మాత్రమున మానరు. మీరు చూడని వేళ చేయుదురు. కనుక ఎట్లు చేయవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలిసికొని చేయుట మేలు. చేపల పెంపకమునకు చెరువు పాట పాడుకొనిన వారికి కూడ ఇందులో ఉపయోగము కలదు.

కాలిలోని బలము

మనిషి దేహములో పెద్ద కండలు తొడలలో నున్నవి. చేతులతో తెడ్డు వేయువాడు అరగంటలో అలసిపోవును. అదే మనిషి సైకిలు మీద మూడు గంటలు పోయి పొరుగూరిలో పని చూచుకొని రాగలడు. మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. ఏతము తొక్కువాడు దూలము మీద ముందుకు వెనుకకు నడచుచు తన దేహపు బరువుతోనే నీరు పైకి తెచ్చెడివాడు. ధర్మవరపు నేతగాడు గుంటమగ్గములో కూర్చుండి కాళ్లతోనే పోగులను విడదీయును. కేరళలో కుట్టనాడు రైతులు ఆకుల చక్రము పైకెక్కి తొక్కి పొలములోని నీటిని తోడెడివారు.

లెక్కకు వత్తము. ఆరోగ్యవంతుడు అలయకుండ పెక్కు గంటలు తొక్కినచో 75 వాట్ల బలము వచ్చును. అశ్వబలములో ఇది పదవ వంతు. పందెపు సైకిలు వీరులు ఒక గంట సేపు 300 వాట్లు, ఇంకను ఎక్కువ ఇయ్యగలరు గాని, వారి లెక్క మనకు పనికిరాదు. ఆ 75 వాట్లతో మంచి రోడ్డు మీద సైకిలు గంటకు 18, 20 కిలోమీటర్లు పోవును. నీటి మీద అంత బలముతో డ్రమ్ముల తెప్ప గంటకు 4 కిలోమీటర్లు పోయిన మంచిదే. సన్నని పొడవైన పడవకు మంచి ప్రొపెల్లరు, అనగా నీటిలో తిరుగు పంకా రెక్క, అమర్చినచో 7, 8 వరకు పోవును.

ఇంత తేడా యెందుకు? నీరు గాలి కంటె సుమారు 800 రెట్లు బరువు. దానిని త్రోసికొని పోవలెను. అంతేకాదు, నీటిలో వేగము రెట్టింపు చేయవలెనన్న బలము రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావలెను. అందుచేత చెరువులో ఎంత గట్టిగా తొక్కినను రొప్పు వచ్చునే గాని ముందుకు పోవుట పెరుగదు. సైకిలువారు మొదట తెలిసికొనవలసిన సంగతి ఇదే. రోడ్డు మీద పల్లము వచ్చిన కాళ్లకు విశ్రాంతి దొరకును. చెరువులో పల్లము లేదు. తొక్కుట ఆపిన నాలుగు బారలలో పడవ నిలిచిపోవును. అయినను సైకిలు ప్రియులకు ఇది రుచించుటకు కారణములున్నవి: గతుకులు లేవు, మోకాలికి కుదుపు లేదు, లారీల భయము లేదు, నిదానముగా ఒకే తూకముతో తొక్కువానికి ఇందులో గెలుపు. తొందర గలవాడు ఓడిపోవును.

ఈ విద్యలో లోకమున జరిగిన పనులు కొన్ని వినదగినవి. 1975లో బీహారు వరదలలో చంపారన్ ప్రాంతపు మహమ్మద్ సైదుల్లా అను సామాన్యుడు తన సైకిలుకే గాలి డబ్బాలు కట్టి, వెనుక చక్రపు స్పోకులకు రెక్కలు బిగించి, నీటి మీద తొక్కినాడు. రోడ్డు వచ్చినచో డబ్బాలు మడచి మామూలు సైకిలుగా పోవచ్చును. ఈ పనికి 2005లో జాతీయ నవకల్పనల ప్రతిష్ఠానము వారి జీవిత సాఫల్య పురస్కారము ఆయనకు లభించినది. 1991 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము వద్ద మార్క్ డ్రేలా అను ఆచార్యుడు, తాను తన విద్యార్థులు కూడి కట్టిన తొక్కుడు పడవను గంటకు 34 కిలోమీటర్ల వేగముతో నడపినాడు. అది నీటి అడుగున రెక్కల మీద లేచి పోవు పడవ. నూరు మీటర్ల పరుగుకే ఆ వేగము. ఇంకొక ఆంగ్లేయుడు, జేసన్ లూయిస్, 1994లో లండను నుండి బయలుదేరి పదమూడేండ్లు కేవలము దేహబలముతో భూమిని చుట్టి వచ్చినాడు. నేల మీద సైకిలు మొదలైన వాటితోను కాలినడకను పోయి, సముద్రముల మీద తొక్కుడు పడవతో పోయినాడు. అట్లాంటిక్ మహాసముద్రమును తోడుగానితో కలిసి దాటుటకు 111 దినములు పట్టినది. ఆ పడవ పేరు ‘మోక్ష’. 2007లో అది మన బొంబాయి తీరము నుండియే అరేబియా సముద్రములోనికి పోయి ఆఫ్రికాలోని జిబూటి చేరినది.

వీటిలో మనకు దగ్గరివాడు సైదుల్లా. మన చెరువులో నీరు నాలుగైదు నెలలకు మించి నిలుచుట అరుదు. హంద్రీ-నీవా నీరు అందు చెరువుల మాట వేరు. తక్కినవి శివరాత్రి దాటిన తరువాత నెఱ్ఱెలు విచ్చును. అట్టి చోట నీటికి మాత్రమే పనికివచ్చు పడవకు డబ్బు పెట్టుట తెలివి కాదు. నీరున్నప్పుడు పడవ, లేనప్పుడు సైకిలు కావలెను. మన పడవ ఈ సూత్రము మీదనే కట్టవలెను.

కట్టు విధము

డ్రమ్ములతో మొదలు పెట్టుదము. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పూర్తిగా నీటిలో మునిగినచో 200 కిలోల బరువు నెత్తును. దాని సొంత బరువు 9 కిలోల లోపలనే. అటువంటివి నాలుగు, రెండేసి చొప్పున రెండు వరుసలుగా కట్టిన 800 కిలోలు మోయును. ఇక మన బరువు చూడుడు: తొక్కువాడు 65, సైకిలు 20, చట్రము 35, డ్రమ్ములు 36, తెడ్డు చక్రము 12. అంతయు 168. చేపల మేత బస్తా 40 కిలోలు, తోడు మనిషి 65 కలిపిన 273. అనగా మూడవ వంతు మాత్రమే మునుగును. సగము కంటె ఎక్కువ ముంచు బరువు ఎప్పుడును వేయరాదు. ఒక డ్రమ్ములో నీరు చేరినను తక్కిన మూడు తేల్చి ఉంచవలెను గదా! ఇద్దరు మనుష్యులు, ఒక బస్తా. మూడవవాడు ఎక్కరాదు, పిల్లవాడైనను సరే.

డ్రమ్ము కొనునప్పుడు అది పూర్వము ఏమి మోసినదో అడుగుడు. పురుగుమందులు, ఆమ్లములు నిలువ చేసినది ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. ఎంత కడిగినను మిగిలిన మందు చెరువు నీటిలోనికి దిగి చేపలను చంపును. ఆ నీరే పశువులు త్రాగును. బిరడాలకు రబ్బరు వాషరు వేసి బిగించి, ఒక రాత్రి తొట్టిలో అదిమి పెట్టి, తెల్లవారి కదిపి చూడుడు. లోపల చప్పుడైనచో ఆ డ్రమ్ము వద్దు.

రెండు వరుసల నడుమ, మధ్య నుండి మధ్యకు, నాలుగు అడుగుల దూరము ఉండవలెను. సైకిలు సీటు మీద మనిషి ఎత్తుగా కూర్చుండును గనుక ఇరుకు తెప్ప ఒరిగిపోవును. వెదురు గాని, ఇనుప పైపు గాని చట్రముగా వేసి, డ్రమ్ములను ఇనుప పట్టీలతో బిగించవలెను. ఒక్క త్రాటిని నమ్మరాదు. ఎండకు ఆరి, నీటికి నాని త్రాడు వదులగును. చెరువు నడుమ డ్రమ్ము జారిపోయిన తరువాత తెలిసి లాభము లేదు.

ఇప్పుడు సైకిలు సంగతి. వెనుక చక్రమును విప్పి ప్రక్కన పెట్టుడు. ముందు చక్రము కూడ అక్కరలేదు. సైకిలు చట్రమును నిలువుగా తెప్పకు బోల్టులతో బిగించి, వెనుక, రెండు డ్రమ్ముల వరుసల నడుమ, ఒక అడ్డు ఇరుసు వేసి దానికి తెడ్డు చక్రమును అమర్చవలెను. ఆరు పలకలు చాలును. ఒక్కొక్కటి అడుగు పొడవు, అరడుగు వెడల్పు. నల్లతుమ్మయైనను వేపయైనను మంచిదే. చక్రము మొత్తము అడ్డుకొలత రెండడుగులు. పలక తన వెడల్పు మేరకు మాత్రమే నీటిలో మునుగవలెను. ఇరుసు దాక మునిగినచో పలక పైకి వచ్చునప్పుడు నీటిని ఎత్తిపోయును, తొక్కువాని బలము వ్యర్థమగును. సైకిలు అంగడిలో దొరకు మామూలు అర అంగుళపు చైను రెండు కలిపి అతికిన ఇరుసు వరకు చాలును.

ఇక్కడ పెక్కుమంది పొరపాటు పడుదురు. సైకిలులో ముందు పళ్ల చక్రము పెద్దది, వెనుకది చిన్నది: 48 పళ్లకు 20 అనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగిన వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. రోడ్డుకు అది మంచిది. తెడ్డు చక్రమునకు పనికిరాదు. నిమిషమునకు 50 చుట్లు తొక్కినచో తెడ్డు 120 చుట్లు తిరిగి, నీటిని పట్టకుండ చిలుకును. వెన్న రాని మజ్జిగ! తొక్కువాడు తడియును, పడవ కదలదు. కనుక ఇరుసునకు కూడ ముందువంటి పెద్ద పళ్ల చక్రమే వేయవలెను. అప్పుడు 50కి 50 తిరుగును. పలకల కొన సెకనుకు ఒకటిన్నర మీటరు పైచిలుకు పోవును. పడవ అందులో మూడు వంతులలో రెండు వంతుల వేగమైనను అందుకొనును. ప్రొపెల్లరు వేయదలచినవారికి దీనికి విరుద్ధము: దానికి వేగము కావలెను, పెడలు ఒకటికి అది నాలుగైదు చుట్లు తిరుగవలెను, చైను మెలి త్రిప్పుటయో, గేరు పెట్టె పెట్టుటయో అవసరము. బలము ఎక్కువ కలిసివచ్చును గాని, మన చెరువులలో దానికొక శత్రువున్నది, ముందు చెప్పుదును.

ఫ్రీవీలు వేయరాదు. రోడ్డు మీద ఫ్రీవీలు సుఖము. వెనుకకు తొక్కిన చక్రము కదలదు, కాళ్లు ఊరకుండును. నీటిలో వెనుకకు తొక్కుటయే బ్రేకు. గట్టునకు కొట్టుకొనబోవునప్పుడు, ఈదువాడు ఎదురైనప్పుడు, వెంటనే వెనుకకు తొక్కవలెను. అందుచేత ఇరుసునకు పళ్ల చక్రమును కదలకుండ వెల్డింగు చేయించుడు. చైను మీదను, తెడ్డు మీదను రేకు కప్పు తప్పనిసరి. పంచె అంచు, లుంగీ, చున్నీ చిక్కినచో నీటి నడుమ విడిపించుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. నిక్కరు వేసికొని తొక్కుట ఉత్తమము.

త్రిప్పుటకు వెనుక ఒక చుక్కాని పలక పెట్టి, దాని రెండు ప్రక్కల నుండి త్రాళ్లు తెచ్చి సైకిలు హ్యాండిలు రెండు కొనలకు కట్టవలెను. తొలిసారి తొక్కువాడు హ్యాండిలు త్రిప్పగానే పడవ తిరుగదని కంగారు పడును. రెండు మూడు బారలు పోయిన తరువాత గాని మాట వినదు. ఎద్దుల బండి త్రోలినవారికి ఇది చప్పున అబ్బును.

నీరు రాక మునుపే చూడవలసినది

పైన చెప్పిన శత్రువు సర్కారు తుమ్మ. చెరువు ఎండిన సంవత్సరములలో అది కట్ట లోపలి భాగమంతయు అల్లుకొనును. నీరు వచ్చి ముంచిన తరువాత కొమ్మలు కుళ్లి రాలును, మోళ్లు ఈటెలవలె నిలుచును. అవి డ్రమ్మును చీల్చును, ప్రొపెల్లరును విరుచును, వలలను చింపును. వానల ముందే, జ్యేష్ఠమాసములో చెరువులో నడచి మోళ్లను వేళ్లతో పెకలించుడు. పెకలింపలేని చోట పొడవైన గడ పాతి ఎఱ్ఱగుడ్డ కట్టుడు. నీరు వచ్చినను గడ కొన కనబడవలెను.

ఇంతకంటె ప్రాణాంతకమైనవి మట్టి గుంటలు. పొలములకు ఒండ్రు తోలుకొనుట మంచి పని. ఇటుకలకు, రోడ్లకు మట్టి తవ్వుట వేరు. తవ్వినచోట పదడుగుల నిట్టనిలువు గుంట మిగులును. నీరు నిండిన తరువాత పైకి అంతయు సమముగా కనబడును. మోకాలి లోతులో నడచుచున్న పిల్లవాడు మరుసటి అడుగులో తల మునుగును. గుంటలెక్కడ ఉన్నవో ఎండాకాలములో ఊరందరికి తెలియును, కార్తీకములో ఎవరికిని గుర్తుండదు. గ్రామాధికారులు ఈ ఒక్క పని చేసిపెట్టిన చాలును: చెరువు ఎండియుండగా గుంటల చుట్టు గడలు పాతించి, ఒక కాగితము మీద పటము గీసి సచివాలయములో తగిలింపుడు. పడవ ఉన్నను లేకున్నను అది అవసరమే.

తూము వద్దకు, మరవ వద్దకు పడవ పోరాదు. తూము తెరచియున్నప్పుడు నీటి లాగుడు పైకి కనబడదు. మరవ పారుచున్నప్పుడు గట్టున నిలిచి చూచుటకే పరిమితము కావలెను. రెంటికిని నూరేసి అడుగుల దూరములో హద్దు గడలు ఉండవలెను.

ఇక వరద మాట. తొక్కుడు పడవ వరదలో ఆదుకొనునని ఎవరైన చెప్పిన నమ్మవద్దు. లెక్క తేలిక: పొంగిన వాగు గంటకు 8, 10 కిలోమీటర్లు పరుగెత్తును, మన పడవ 4 పోవును. ఎదురు తొక్కినను అది వెనుకకే కొట్టుకొనిపోవును. వెల్దుర్తి వద్ద హెలికాప్టరు రావలసినది అందుకే. వాగు తగ్గి, వీథులలోనో పొలములలోనో నీరు కదలక నిలిచినప్పుడు మాత్రము మందులు, పాలు, బియ్యము చేరవేయుటకు ఈ తెప్ప పనికివచ్చును. అప్పుడు సైతము కరెంటు తీగలు తెగి పడియున్నవేమో విచారించి గాని కదలరాదు.

గాలి కూడ చూచుకొనవలెను. ఆషాఢ శ్రావణములలో మన మెట్ట మీద వీచు గాలి సామాన్యమైనది కాదు; రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపినది దానిని చూచియే. అదృష్టవశాత్తు మన చెరువులు నిండునది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు వానలకు. అప్పటికి ఆ గాలి తగ్గును. బయలుదేరునప్పుడు గాలికి ఎదురు తొక్కుడు, తిరిగి వచ్చునప్పుడు గాలి వెనుక నుండి త్రోయును. సోమరి దీనికి విరుద్ధముగా చేసి, అవతలి గట్టున చిక్కి, పడవను అక్కడనే కట్టి నడచి వచ్చును.

పడవ ఎక్కు ప్రతివాడు తేలు చొక్కా, అనగా లైఫ్ జాకెట్టు, కట్టుకొనియే ఎక్కవలెను. ఈత వచ్చినవాడైనను కట్టుకొనవలెను. ఒక గాలి నింపిన లారీ ట్యూబు, దానికి యాభై అడుగుల నైలాను త్రాడు పడవలో సిద్ధముగా ఉండవలెను. మొదటి పది దినములు ఛాతీ లోతు నీటిలోనే గట్టు వెంబడి తొక్కుడు. నీటిలో పడిన మనిషిని తిరిగి పడవ మీదికి ఎక్కించుట ఆ లోతులోనే అభ్యాసము చేయుడు; ఒకడు ఎక్కుచుండగా రెండవవాడు ఎదుటి ప్రక్క కూర్చుండి తూకము నిలుపవలెను. పొద్దు గ్రుంకిన తరువాత పడవ గొలుసుతో కట్టి తాళము వేసి, తాళపుచెవి పెద్దవారి వద్ద ఉంచవలెను. నిర్మాణమంతటిలోను అతి చవకైనది, అతి ముఖ్యమైనది ఆ తాళమే.

చెరువు జలవనరుల శాఖదో, పంచాయతీదో తెలిసికొని వారి అనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. చేపల పాట పాడుకొనిన సంఘమున్నచో వారిని కూడ అడుగవలెను. వలలున్న చోటికి పోయి తగవు తెచ్చుకొనుట కంటె వారినే కలుపుకొనుట మేలు. మేత చల్లుటకు, చచ్చిన చేపలను ఏరుటకు, తూటికాడ పెరికి గట్టునకు తెచ్చుటకు వారికి పడవ కావలసియే ఉన్నది. పుట్టి మీద పోవు జాలరికి ఒక చేయి తెడ్డునకు పోవును. తొక్కుడు పడవ మీద రెండు చేతులు పనికి మిగులును. పుట్టి గుండ్రముగా ఉండి తన చుట్టు తాను తిరుగును గనుక, తిన్నగా వరుస తప్పక మేత చల్లుటకు ఇది అనుకూలము. లోతు తక్కువ చోట్ల, ముళ్ల నడుమ మాత్రము పుట్టియే మేలు.

నీరు ఎండిన తరువాత

మాఘమాసము వచ్చునప్పటికి చెరువు వెనుకకు జరుగును. అప్పుడు తెప్ప విప్పి, చక్రములు మరల తగిలించుకొనిన సైకిలు సైకిలే. ఐతే కాలి బలము వాడుకకు ఇంకొక దారి కలదు, అది నీరు తోడుట. 1980 ప్రాంతములో బంగ్లాదేశ్‌లో గున్నార్ బార్నెస్ అను నార్వే ఇంజనీరు రూపొందించిన తొక్కుడు పంపు అక్కడి చిన్న రైతుల మడులలో లక్షల సంఖ్యలో వ్యాపించినది. అక్కడ నేల తవ్విన నీరు. ఇక్కడ అట్లు కాదు గనుక మన లెక్క మనము వేసికొనవలెను.

75 వాట్లలో సగము పంపులో, పైపులో పోయినదనుకొందము. మూడు మీటర్ల లోతు నుండి ఎత్తినచో గంటకు సుమారు 4,500 లీటర్లు వచ్చును. ఇది సేద్యపు కుంట లోతు. వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన ముఖము చాటేసినచో, 25 సెంట్లకు 10 మిల్లీమీటర్ల తడి ఇచ్చుటకు 10,000 లీటర్లు కావలెను. ఇద్దరు మార్చి మార్చి తొక్కిన రెండుంబావు గంటల పని. ఎకరమునకైనచో తొమ్మిది గంటలు. ఒక కుటుంబము ఒక్క దినములో చేయలేని పని కాదు గాని, కూరగాయల మడికి, కొత్తగా నాటిన చీనీ, మామిడి మొక్కలకు వాడుకొనుట తెలివైన వాడుక. నీటిని కాలువలో పారించిన దారిలోనే ఇంకిపోవును. గొట్టముతో మొక్క మొదటికే పోయవలెను.

అదే మనిషి అదే బలముతో 500 అడుగుల బోరు నుండి ఎత్తవలెనన్న గంటకు 90 లీటర్లు వచ్చును. ఆరు బిందెలు! దీనిని బట్టి మీ బోరు మోటారు ఎంత మంది కాళ్లకు సమానమో, కరెంటు లేని నాడు ఏమి కోల్పోవుచున్నారో గ్రహింపవచ్చును. పైగా గాలి లాగి నీరెక్కించు పంపు ఏదియు 6, 7 మీటర్ల లోతు దాటి పనిచేయదు. కనుక తొక్కుడు పంపు కుంట గట్టున, చెరువు లోపలి చెలమ వద్ద, వంకలో ఊట ఉన్న చోట మాత్రమే పెట్టవలెను.

ప్లాస్టిక్ పట్టా పరచిన కుంటల గట్లు నున్నగా జారును. పంపు పెట్టిన చోట ముళ్లు వేసిన ఒక లావు మోకును గట్టు మీది గుంజకు కట్టి నీటిలోనికి వ్రేలాడవేయుడు. జారినవాడు పట్టుకొని పైకి రాగలుగును.

డ్రమ్ములను ఎండలో వదలివేసినచో రెండు వేసవులకు పెళుసెక్కి చిట్లును. చింతచెట్టు నీడనో, కొట్టములోనో బోర్లించి, బిరడాలు వదులు చేసి ఉంచవలెను. పళ్ల చక్రములకు, ఇరుసునకు గ్రీజు పూసి గోనెపట్ట చుట్టుడు. చైనును కిరసనాయిలులో కడిగి, నూనె వేసి, వెనుక చక్రముతో పాటు సైకిలునకే తగిలించుడు. మరల వానలు పడి చెరువు నిండువరకు దాని పని రోడ్డు మీదనే.